జాకీకి ఒకటి

నేనెప్పుడూ ఏమీ రాసినదాన్ని కాదు. నాలుగో తరగతితో బడి మానేసి చేపలు ఎండబెట్టే పనిలో కుదిరాను. ఆ తర్వాత నేను రాసిందల్లా పడవ మీద అవతలి ఒడ్డుకి పంపే సామాన్ల చీటీ. పిండి, పందికొవ్వు, బెల్లప్పాకం, టీ పొడి. నలుగురిలో నోరు విప్పడం కూడా నాకు చేతకాదు. చర్చిలో పాట పాడేటప్పుడు ఉత్త పెదాలే కదుపుతాను. ఇది నోటితో చెప్పలేక రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది నోవాస్కోషియాలో దక్షిణపు కొస. చలికాలం వస్తే మా మగాళ్ళు మార్లో ద్వీపం మీద మకాం పెడతారు, పటకారు గోళ్ళ పెద్దరొయ్యల కోసం. మకాం అంటే ఒకటే గది. మధ్యలో ఇనప పొయ్యి, గోడల వెంట పడుకునే బల్లలు, తలుపు పక్కన ఎర నరికే మొద్దు, దాని మీద గొడ్డలి. ఉప్పులో కుళ్ళిన హెర్రింగ్ చేపల వాసన. ఆ వాసన నాకు వాసనలా అనిపించదు. ఇంటికెళ్ళాక అది లేకపోతేనే నిద్రపట్టదు.

ఆ ఏడు మేం నలుగురం. మా ఆయన లీమన్, ఆయన తమ్ముడు ఈనస్, ముసలి ఎబెన్, వంటకి నేను. ఈనస్ నాకు మరిదే గానీ పెంచింది నేనే. మా అత్తగారు పోయేటప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. వాడి చెయ్యి నా చేతిలో పెట్టి, "అన్నదమ్ములిద్దర్నీ ఒక్క పడవలో ఉంచు ఓర్ఫా" అంది. అప్పటికి మా పెళ్ళయి ఆరునెలలు. లీమన్ అప్పుడూ ఇప్పుడూ నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏమే" అనేవాడు. ఇరవై ఆరేళ్ళు ఆ "ఏమే"కే పలికాను.

మా మకాం గోడకి అయిదు పేకముక్కలు మేకులతో కొట్టి ఉండేవి. మూడు ఐదులు, ఇస్పేటు జాకీ, కొంచెం ఎడంగా ఇస్పేటు ఐదు. మా వాళ్ళందరూ ఆడేది క్రిబేజి ఆట. గాలి లేచి పడవలు కదలని రోజున ఇంకేం చేస్తారు. అందులో ఒక చేతికి రాగల పెద్ద లెక్క ఇరవై తొమ్మిది. రెండు లక్షల పదహారు వేల చిల్లర పంపకాలకి ఒక్కసారి వస్తుందని ఎబెన్ చెప్పేవాడు. పుట్టి, పెరిగి, ముసలై, పళ్ళూడిపోయేదాకా ఆడి కూడా దాన్ని చూడకుండా పోయినవాళ్ళే అందరూ. అది వస్తే ఆ అయిదు ముక్కలూ గోడకి కొట్టి కింద పేరు చెక్కుతారు. మిగతా నలభై ఏడు ముక్కల్నీ ఆ పూటే పొయ్యిలో వేస్తారు. ఆ పేక ఇవ్వగలిగిందంతా ఇచ్చేసింది, ఇంక దాన్ని అడగకూడదు అంటారు.

మా గోడ మీద ముక్కల కింద విల్మట్ అని చెక్కి ఉంది. దాని కింద ఎదురు ఆడినవాడి పేరు చెక్కి, మళ్ళీ కత్తితో గీకేసి ఉంది.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఎబెన్ ఆ రోజు ఇదే గదిలో ఉన్నాడు. విల్మట్ మెత్తని మనిషట. ముసలమ్మనైనా పసిపిల్లనైనా "తల్లీ" అనే పిలిచేవాడట. ఎదురుగా కూర్చున్నది అతని పడవలోనే పనిచేసే సైలస్, ఎడంచేతివాటం మనిషి. మూడు వారాల గాలి. మూడు వారాలూ సైలస్ ఓడిపోతూనే ఉన్నాడు.

మా ఆటలో చేతి లెక్క నోటితో పైకి చెప్పి, రంధ్రాలున్న చెక్క పలక మీద అన్ని రంధ్రాలు పుల్ల జరుపుకోవాలి. మర్చిపోయి ఏదైనా వదిలేస్తే ఎదుటివాడు అది చెప్పి తన పుల్ల జరుపుకుంటాడు. పిల్లలకి కూడా మేం అలాగే నేర్పుతాం. చెప్పకపోతే నీది కాదు.

విల్మట్ ముక్కలు పరిచి వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడట. పదిహేను వచ్చే ప్రతి కూడికకీ రెండేసి చొప్పున అన్నీ కలిపి పదహారు. ఐదుల జతలు పన్నెండు, ఇరవై ఎనిమిది. ఇంక మిగిలింది ఒకటే. కోతలో తిరిగిన ముక్కా జాకీ ఒకే రంగైతే జాకీకి వచ్చే ఒకటి. అది చెప్పబోతూ ఒక్క క్షణం నవ్వాడట. ఆ నవ్వు మీదే దిగింది గొడ్డలి. దవడ ఊడి పక్కకి వేలాడిందని చెప్పాడు ఎబెన్. విల్మట్ ఇంకా కూర్చునే ఉన్నాడట. ఆ మిగిలిన నోటితో ఏదో చెప్పబోతున్నాడట. సైలస్ తాపీగా, "జాకీకి ఒకటి. నువ్వు చెప్పలేదు, నాది" అని తన పుల్ల ఒక రంధ్రం ముందుకి జరిపాడట. ఆ తర్వాత రెండో దెబ్బ.

చచ్చినా అది ఇరవై తొమ్మిదే కదా అని ముక్కలు గోడకి కొట్టారు. బల్ల మీద శవం ఉండగా మిగతా పేక కాల్చాలని ఎవరికి గుర్తుంటుంది. ఎబెన్ దాన్ని బెల్లప్పాకం డబ్బాలో వేసి దూలం మీద పెట్టేశాడు. "దాని జోలికి పోకమ్మా" అని మొదటి రోజే నాకు చెప్పాడు. నేను సరేనన్నాను.

ఇక మా సంగతి. ఆ మార్చిలో ఈశాన్యపు గాలి మూడు రోజులు ఆగకుండా కొట్టింది. అంతకు ముందు గాలికే మావి డెబ్బై రొయ్యల బోనులు పోయాయి. లోతులేని చోట వేయించింది లీమన్. వద్దన్నవాడు ఈనస్. మొదటి రోజంతా మాటలతో పొడుచుకున్నారు. రెండో రోజు ఉప్పు డబ్బా ఎవరు మూత పెట్టలేదన్న దాని మీద లేచి కొట్టుకున్నారు. లీమన్ పెదవి చిట్లింది. ఈనస్ కంటి కింద నల్లగా వాచింది. నేను మధ్యలోకి వెళితే నా మోచెయ్యి పొయ్యికి తగిలి కాలింది. ఇద్దరూ చూడలేదు.

మూడో రోజు పొద్దున ఆడుతూ ఆడుతూ ఓడిపోయి ఈనస్ పేకంతా పొయ్యిలో పడేశాడు.

"చూశావా వదినా మీ ఆయన గొప్ప. పేకాటలో ముక్కలు పోవు, సముద్రంలో బోనులు మాత్రం పోతాయి."

"మాట్లాడితే బోనులంటాడు. బోను అల్లడం నేర్పింది ఎవర్రా నీకు?" అన్నాడు లీమన్.

"పోగొట్టుకోవడం కూడా నువ్వే నేర్పావుగా. వసంతం రానీ. నా సగం నాకిచ్చెయ్యి, నా దారిన నేను పోతా."

"సగం పడవ ఎలా ఇస్తార్రా? కోసి ఇవ్వనా?"

"నాకు కొయ్యడం వచ్చులే."

ఎబెన్ నవ్వబోయి దగ్గాడు. పేక లేదు కాబట్టి ఇంక చేతులకి పని లేదు. ఈనస్ మొద్దు మీది గొడ్డలి తీసుకుని పొయ్యి పక్కన కూర్చుని రాతి మీద నూరడం మొదలుపెట్టాడు. అది అప్పటికే పదునుగా ఉంది. అయినా నూరాడు. గంటన్నర. లీమన్ గోడకేసి తిరిగి పడుకుని ఆ చప్పుడు వింటున్నాడు. నిద్రపోవట్లేదని వీపు చూస్తే తెలుస్తోంది. నేను ఉప్పుచేపా బంగాళాదుంపలూ వండుతూ ఒకటే అనుకున్నాను. ఈ ఇద్దరూ ప్రాణాలతో అవతలి ఒడ్డు చేరాలి. ఆ చేతుల్లో గొడ్డలి బదులు ఏదైనా పెట్టాలి.

మధ్యాహ్నం పోటు పెరిగితే పడవ తాళ్ళు చూడటానికి ముగ్గురూ బయటికి వెళ్ళారు. నేను పీట ఎక్కి దూలం మీది డబ్బా దింపాను.

నలభై ఏడే ఉన్నాయి. నాలుగు ఐదులూ ఇస్పేటు జాకీ లేకుండా మా ఆట సాగదు. అవి గోడ మీద ఉన్నాయి. ఉత్త ముక్కలే కదా అనుకున్నాను. సాయంత్రానికి మళ్ళీ కొట్టేస్తే సరి అనుకున్నాను. ఇది నేను చేసిన పని. ఇంకెవరూ చెయ్యలేదు.

సుత్తి వెనక మేకులు లాగే చీలికతో లాగితే మేకులు తేలిగ్గా వచ్చేశాయి, వెన్నలోంచి వచ్చినట్టు. జాకీ వెనక చెక్క తడిగా ఉంది. వేలు పెట్టి వాసన చూశాను. చేపల వాసన కాదు. చల్లటి ఇనుముని నాలికకి ఆనించినట్టుంది. ముక్కలు ఉన్నచోట గోడ తెల్లగా కనిపిస్తోంది. లీమన్ తడి కోటు తీసి దానికి అడ్డంగా తగిలించాను.

వాళ్ళు లోపలికి వచ్చేసరికి పేక బల్ల మీద ఉంది. ఎబెన్ చలికి వణుకుతూ రమ్ము తాగి దుప్పట్లో దూరాడు. బల్లకేసి చూడలేదు.

"ఎక్కడిది వదినా?" అన్నాడు ఈనస్.

"నా పెట్టెలో పాతది."

నేను అబద్ధం చెబుతానని వాళ్ళు కలలో కూడా అనుకోరు. గొడ్డలి మొద్దు మీదికి పోయింది. లీమన్ లేచి వచ్చి కూర్చున్నాడు. నాకు ఊపిరి వచ్చింది. పిండి కలపడానికి కూర్చున్నాను.

రెండున్నరకే మంచు కిటికీని మూసేసింది. దీపం వెలిగించాను. ఈనస్ పేక కలుపుతూ ఒక ముక్క ఎత్తి దీపానికి పట్టాడు. నడుమ చిల్లు. ఆ చిల్లులోంచి వెలుగు సన్నగా వాడి కంటి మీద పడింది.

"దీనికి చిల్లేంటి?"

"మేకు తగిలింది" అన్నాను. అది నిజమే.

"ఇంకా ఉన్నాయి చూడు. ఐదులన్నిటికీ, ఒక జాకీకీ. అన్నయ్యకి భలే పేక తెచ్చావు వదినా, ఇంక కళ్ళు మూసుకుని గెలుస్తాడు."

"నీకూ కళ్ళున్నాయిగా. పంచు" అన్నాడు లీమన్.

పంచాడు. మొదటి చేతిలోనే లీమన్‌కి రెండు ఐదులు. తర్వాత రెండు. ఆ తర్వాత మూడు. ఈనస్ పంచినా అంతే, లీమన్ పంచినా అంతే. చిల్లుల ముక్కలు ఈనస్ వైపు ఒక్కసారి కూడా పోలేదు. ఈనస్ జోకులు మానేశాడు. పంచేటప్పుడు లీమన్ వేళ్ళనే చూస్తున్నాడు.

"పదిహేనుకి రెండు, నాలుగు, ఆరు..." అని లీమన్ చెబుతుంటే, అదే లెక్క ఎక్కడో పొయ్యి గొట్టంలో గాలి కూడా చెబుతున్నట్టుంది. గాలే అనుకున్నాను. కాసేపటికి పిండిలో నా చేతులు ఆగిపోయాయి. గాలి లీమన్ తర్వాత చెప్పట్లేదు. ముందు చెబుతోంది. కోటు తగిలించిన గోడలోంచి, తడి గొంతుతో, పళ్ళు లేనట్టుగా... "నాలుగు..." అంటే, లీమన్ "నాలుగు" అంటున్నాడు.

మా పలక మీద మూడు వరసల రంధ్రాలుంటాయి. ముగ్గురు ఆడితే మూడోది. ఇద్దరే ఉంటే ఆ వరస మొదట్లో ఉత్తినే ఒక పుల్ల గుచ్చి ఉంచుతాం. రొయ్య గోళ్ళు కదలకుండా కీలులో గుచ్చే పైను చెక్క పుల్ల. దాన్ని నేనే చెక్కాను. ఇప్పుడు చూస్తే అది మొదట్లో లేదు. సగం దాటి ఉంది. నేను మళ్ళీ పిండి వైపు చూసి, మళ్ళీ అటు చూశాను. ఇంకొంచెం ముందుంది.

"లీమన్, ఇంక ఆపండి. టీ పెడతాను" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

"ఈ ఒక్కటి" అన్నాడు లీమన్, తల ఎత్తకుండా.

పంచింది ఈనస్. కోసింది లీమన్. కోతలో ముక్క తిప్పింది ఈనస్. ఇస్పేటు ఐదు. దాని నడుమ చిల్లు.

లీమన్ చేతిలో నాలుగు ముక్కలు వెడల్పుగా పరిచి పట్టుకున్నాడు. దీపం ఆయన వెనక ఉంది. నాలుగు చిల్లుల్లోంచి నాలుగు వెలుగు చుక్కలు వెళ్ళి ఈనస్ మొహం మీద నిలబడ్డాయి. నుదుటి మీద ఒకటి, రెండు బుగ్గల మీద రెండు, దవడ మీద ఒకటి.

ఈనస్ కదల్లేదు. ఎడం చెయ్యి మాత్రం వెనక్కి, మొద్దు వైపు వెళ్ళింది. వాడు కుడిచేతివాటం మనిషి.

అప్పుడే ఎబెన్ దుప్పట్లోంచి లేచి కూర్చున్నాడు. "ఎవరమ్మా ఆ లెక్క చెబుతున్నది?" అన్నాడు చిన్నగా. ముసలాయన వాసన పట్టే కుక్కలా తల తిప్పాడు. దిగి వచ్చి గోడ మీది కోటు లాగేశాడు. కింద అయిదు తెల్లటి మచ్చలు. జాకీ ఉన్నచోటి మచ్చలోంచి నల్లగా ఏదో కారుతోంది.

"ఏం చేశావమ్మా..."

లీమన్ ముక్కలు బల్ల మీద పరిచాడు. మూడు ఐదులు. ఇస్పేటు జాకీ. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టాడు. గోడ ముందు చెబుతోంది, ఆయన వెనక చెబుతున్నాడు.

"పదిహేనుకి రెండు. నాలుగు. ఆరు. ఎనిమిది. పది. పన్నెండు. పద్నాలుగు. పదహారు."

మూడో వరసలో పుల్ల ఒక రంధ్రంలోంచి లేచి ఇంకో రంధ్రంలో పడుతోంది. టక్. టక్. టక్.

"జతలు పన్నెండు. ఇరవై ఎనిమిది."

ఆగాడు. గోడ కూడా ఆగింది. మూడో పుల్ల నూట ఇరవయ్యో రంధ్రంలో ఆగింది. గెలవడానికి ఒకటి తక్కువ. లీమన్ నోరు తెరిచి ఉంది. నవ్వుతున్నట్టుంది. ఆ నవ్వు మా ఆయనది కాదు.

"చెప్పు విల్మట్" అన్నాడు ఈనస్.

లీమన్ చెప్పలేదు. గొడ్డలి దిగింది.

దవడకి రావలసింది. నేను బల్లని తోశాను, ఆ కాస్త జరగబట్టి భుజం మీద పడింది. మెడ పక్క ఎముక విరిగిన చప్పుడు పొయ్యిలో కట్టె విరిగినట్టు వచ్చింది. రక్తం ముక్కల మీద, నా పిండి మీద, దీపం గాజు మీద పడి చుయ్యిమంది. లీమన్ పడిపోలేదు. అరవలేదు. కూర్చునే ఉన్నాడు, నోరు తెరుచుకుని, ఆ నవ్వుతోనే. కుడి చెయ్యి బందు ఊడిన తలుపులా వేలాడుతోంది. ఎబెన్ వెనక నుంచి ఈనస్‌ని పట్టుకోబోయాడు. ఈనస్ మోచేత్తో ఒక్కటిస్తే ముసలాయన ముక్కు పగిలి పొయ్యి మీద పడ్డాడు. గడ్డం కాలిన వాసన.

ఈనస్ గొడ్డలి ఊడదీశాడు. మళ్ళీ ఎత్తాడు. తొందరేమీ లేదు. రెండో చెయ్యి పలక మీదికి వెళ్ళి తన పుల్లని వేళ్ళతో పట్టుకుంది.

"జాకీకి ఒకటి ఉంది. నువ్వు చెప్పలేదు" అన్నాడు.

వాడి నోట్లోంచి ఇంకొక్క మాట రావాలి. నాది అనాలి. ఆ మాట తర్వాతే రెండో దెబ్బ. ఎబెన్ ఎన్నోసార్లు చెప్పాడు నాకు. అన్నీ ఆ వరసలోనే జరుగుతున్నాయి.

నేను ఎప్పుడూ పెద్దగా మాట్లాడిన మనిషిని కాదు.

"జాకీకి ఒకటి" అన్నాను. "ఇరవై తొమ్మిది. నేను చెప్పాను. నాది."

గొడ్డలి పైనే ఆగిపోయింది.

గదిలో చప్పుడు లేదు. గాలి కూడా లేదు. మూడు రోజుల గాలి ఆ క్షణంలో ఆగింది. ఈనస్ మొహం మెల్లగా నా వైపు తిరిగింది. మొహమే తిరిగింది, మెడ తిరగలేదనిపించింది. నేను తొమ్మిదేళ్ళప్పటి నుంచి అన్నం పెట్టిన మొహం అది.

"ఎవత్తివే నువ్వు?" అంది.

అప్పుడు ఎబెన్ పొయ్యి మీది ఇనప కడ్డీతో వాడి తల వెనక కొట్టాడు. ఒకసారి. వాడు మోకాళ్ళ మీద పడ్డాడు. ఇంకోసారి. నేను ఎబెన్ చెయ్యి పట్టుకున్నాను. బోను తాళ్ళతో ఈనస్‌ని పడక బల్లకి కట్టేశాం.

లీమన్ అప్పటికి పక్కకి ఒరిగాడు. పిండి సంచులు చింపి భుజానికి అదిమి కట్టాను. ఒక సంచి తడిస్తే ఇంకోటి. నాలుగో సంచికి రక్తం ఆగింది. ఆగింది అనుకున్నానే గానీ, ఇంక రావడానికి లేక ఆగిందేమో. పడక మీదికి చేర్చి, రాత్రంతా ఆయన కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముక్కలు బల్ల మీద ఎలా పడ్డవి అలాగే ఉన్నాయి. ఎవరం ముట్టుకోలేదు.

తెల్లారేసరికి సముద్రం చదునుగా పడుకుంది. ఈనస్ కళ్ళు తెరిచి, "వదినా, నా చేతులు ఎందుకు కట్టారు?" అన్నాడు. వాడి గొంతే. అన్నయ్య వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత కట్లు విప్పమని అడగలేదు.

ఎబెన్ గడ్డం గీసుకునే అద్దం తెచ్చి లీమన్ నోటి ముందు పట్టాడు. అద్దం మసకబారలేదు. నేను దాన్ని నా గౌను అంచుతో తుడిచి మళ్ళీ పెట్టమన్నాను. అప్పుడూ మసకబారలేదు. ముసలాయన టోపీ తీసి, నా మొహం చూడలేక, పక్క మకాం వాళ్ళకి కనబడేలా జెండా ఎత్తుతానని బయటికి వెళ్ళిపోయాడు.

నేను లేచాను. ఇరవై రెండేళ్ళ కిందట జరగవలసిన పని చేశాను. నలభై ఏడు ముక్కలూ ఒక్కొక్కటే లెక్కపెట్టి పొయ్యిలో వేశాను. అయిదు ముక్కలూ రక్తం తుడిచి, పాత చిల్లుల్లోంచే మేకులు దింపి గోడకి కొట్టాను. తర్వాత పలక దగ్గరికి వచ్చాను. మూడో పుల్ల అలాగే ఉంది, నూట ఇరవయ్యో రంధ్రంలో. ఒకటి తక్కువ. ఆ ఒకటి నా దగ్గర ఉంది. నేను చెప్పాను కాబట్టి నాది.

"నాకెందుకయ్యా అది" అన్నాను గోడతో. "నీది నువ్వు తీసుకో. నాది నాకివ్వు."

పుల్లని తీసి చివరి రంధ్రంలో పెట్టాను.

వెనక పడక మీద లీమన్ పెద్దగా ఊపిరి పీల్చాడు, నీళ్ళలోంచి తేలినవాడిలా.

నేను ఎలా ఏడ్చానో రాయలేను. పక్క మకాం పడవ వచ్చింది. ఇద్దరు మనుషులు లీమన్‌ని తలుపు చెక్క మీద మోసుకెళ్ళి పడవలో పడుకోబెట్టారు. ఈనస్‌ని ముందు వైపు కూర్చోబెట్టారు, చేతులు కట్టే ఉన్నాయి. ఎబెన్ వాడి పక్కన కూర్చున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్క పడవలో ఉన్నారు. అత్తగారి మాట గుర్తొచ్చింది నాకు.

ద్వీపం వెనకబడ్డాక లీమన్ కళ్ళు తెరిచాడు. నా వైపు చూసి చాలా మెత్తగా నవ్వాడు.

"మంచిపని చేశావు తల్లీ" అన్నాడు.

ఎబెన్ ఇటు తిరిగాడు. వినబడిందో లేదో తెలియదు. గాలి మా వైపు నుంచి లేదు.

లీమన్ ఎడం చెయ్యి దుప్పటి బయట ఉంది, మంచుగడ్డలా ఉంది. వెచ్చబెడదామని రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పాను. అరచేతి నడుమ చిల్లు ఉంది. మేకు పట్టేంత. గాయం కాదు, రక్తం లేదు, అంచులు ఎప్పుడో మానిపోయినట్టు గట్టిగా, గుండ్రంగా ఉన్నాయి. అందులోంచి పడవ అడుగున ఉన్న చెక్క కనిపిస్తోంది.

ఎబెన్ లేచి మా వైపు రాబోతున్నాడు.

నా ఉన్ని చేతితొడుగు తీసి ఆ చేతికి తొడిగాను. మణికట్టు దాకా లాగి, దారం ముడి వేశాను.